అరవైకి లేతరంగు

పంచాంగం లెక్కన 1966 ఉగాది దాటాక పుట్టినవాళ్ళది పరాభవ నామ సంవత్సరం. చక్రం ఒక చుట్టు తిరిగి 2026 ఉగాదికి మళ్ళీ ఆ పేరు దగ్గరికే వచ్చింది. నేను ఆ బాపతే. కార్తీకంలో అరవై నిండుతాయి. జరగబోయే మర్యాద ఏమిటో సంవత్సరం పేరులోనే రాసిపెట్టి ఉంది కనక నేనూ పెద్దగా ఆశలు పెట్టుకోలేదు.

"షష్టిపూర్తి ఘనంగా చేస్తున్నారా?" అని అడుగుతున్నారు కొందరు. పాపం, వాళ్ళకి ఆనవాయితీ తెలియదు. షష్టిపూర్తి మగవాడి వయసుకి జరిగే వేడుక. పెళ్ళాం పక్కన పీట మీద కూర్చుంటుంది, అంతే. మా ఆయనది శుభకృత్, 1962. 2022లో మళ్ళీ శుభకృత్ వచ్చినప్పుడు ఆయనకి ఆయుష్షు హోమం చేయించారు, కలశాల నీళ్ళు పోశారు, నా మెడలో మళ్ళీ తాళి కట్టించారు. అప్పుడు నాకు యాభై ఆరు నడుస్తోంది. ఎర్రంచు పసుపు పట్టుచీర కట్టించారు. సవరం పెట్టి వాలుజడ వేయించారు. నుదుట బాసికం, మోచేతుల దాకా గోరింటాకు. ఫొటోల కుర్రాడు "కొంచెం సిగ్గుపడండి మేడమ్" అన్నాడు. యాభై దాటిన మనిషికి ఇన్ని రంగులేమిటని ఆ పూట ఒక్క నోరు లేవలేదు. మా ఆడపడుచైతే "వదిన అచ్చం పెళ్ళికూతురే" అని కళ్ళొత్తుకుంది.

ఇప్పుడు అరవై నిండేది నాకు. దీనికి హోమం లేదు, కలశం లేదు, పురోహితుడి సంచీలో దీనికంటూ పుస్తకమూ లేదు. ఉన్నదల్లా రంగుల నిషేధం ఒక్కటే. అదే ఆడపడుచు మొన్న వీడియో కాల్ చేసి, "వదినా, ఇంక లేతరంగుల్లోకి వచ్చెయ్యి. హుందాగా ఉంటుంది" అంది. ఆయనకి అరవై వస్తే నేను పెళ్ళికూతుర్ని, నాకే అరవై వస్తే ముత్తవ్వని. ఈ లెక్క ఏ సిద్ధాంతి వేశాడో గాని గట్టిగానే వేశాడు.

ఈ చట్టాన్ని బట్టల కొట్లో అమలు చేసేది సేల్స్ కుర్రాడు. బీసెంట్ రోడ్డులో ఒక కొట్టుకి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే నెరిసిన పాపిట వైపు ఒక చూపు చూసి, లోపలికి కేకేశాడు: "అమ్మగారికి పెద్దవాళ్ళ చీరలు తియ్యరా!" తీశారు. బూడిద రంగు, బిస్కట్ రంగు, వెలిసిన ఉల్లిపొర రంగు, ఆ మూడూ కలిపి ఉతికిన రంగు. వాటి మధ్య తేడా పట్టుకోవాలంటే ముందు శుక్లాల ఆపరేషన్ అయ్యుండాలి.

"రాణీ పింక్‌లో గద్వాల్ ఉందా బాబూ?"

"పాపకా అమ్మా?"

"నాకే."

కుర్రాడు ఒక్క క్షణం ఆగి, బూడిద రంగు చీర మడత విప్పి తన భుజానే వేసుకున్నాడు. కుచ్చిళ్ళు కూడా పెట్టుకున్నాడు. "ఇది చూడండమ్మా, మీ ఏజ్‌కి సూపరుంటది." పాతికేళ్ళ మీసాల కుర్రాడికి అంత చక్కగా నప్పిన చీర అరవయ్యేళ్ళ నా వయసుకే తగినదెలా అయిందో అడుగుదామనుకున్నాను. వెనక ఇంకో అమ్మగారు ఉన్నారు, ఆవిడ పాపిట కూడా నెరిసింది, ఆవిడకీ అదే కట్ట దించుతున్నారు.

అసలు నా వయసెంతో తేల్చడం ప్రభుత్వాల వల్లే కాలేదు. ఆదాయపు పన్ను శాఖకి 60 నిండితే సీనియర్ సిటిజన్ని, 80 నిండితే అంతకంటే సీనియర్ని. రైల్వే దృష్టిలో ఆడదానికి 45 దాటితే చాలు, కింది బెర్తుకి అర్హురాలు. పెద్దవాళ్ళకిచ్చే టికెట్టు రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు. పైబెర్తు ఎక్కలేకపోవచ్చు గాని, పూర్తి డబ్బు కట్టలేకపోవడానికి వీల్లేదన్నమాట. తిరుమల కొండ మీద వృద్ధుల దర్శనానికి 65 నిండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 దాకా పనికొస్తాడు, తెలంగాణలో 61 దాకానే. సరిహద్దు దాటితే ఏడాది ముందే ముసలితనం. 1983లో అరవైకి ఒక్క అడుగు దూరంలో ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించి, తనకంటే చిన్నవాళ్ళని వేలమందిని ఇంటికి పంపించారు. నేను లెక్చరర్ని. ఇంకో రెండేళ్ళు పాఠం చెప్పమని సర్కారు అంటోంది. కృష్ణా రామా అనుకుంటూ మూల కూర్చోమని బంధువులు అంటున్నారు. జీతం ఇచ్చేవాళ్ళ మాటే వినాలని నా నిర్ణయం.

ఎన్టీఆర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1972లో వచ్చిన బడిపంతులులో ఆయన తాత, శ్రీదేవి మనవరాలు. అప్పటికి ఆయనకి 49. ఏడేళ్ళు తిరిగేసరికి, 1979లో వేటగాడులో అదే మనవరాలు ఆయన పక్కన హీరోయిన్. ముసలి వేషం తీసి పక్కన పడేసి, తాత కుర్రాడైపోయి చిందేశాడు. మరి బడిపంతులు భార్యగా వేసిన అంజలీదేవి? ఆవిడ ఎన్టీఆర్ కంటే నాలుగేళ్ళు చిన్న. ఆవిడకి వేసిన వేషం మాత్రం ఎవరూ మళ్ళీ తియ్యలేదు, అమ్మ పాత్రల్లోనే ఉండిపోయింది. ఇవాళ చిరంజీవి, నాగార్జున, బాలకృష్ణ, వెంకటేశ్ నలుగురూ అరవై దాటినవాళ్ళే. నలుగురూ హీరోలే. ఉండనివ్వండి, వాళ్ళ మీద నాకేం కోపం లేదు, టికెట్టు కొని చూసేదాన్ని. వాళ్ళ తొలినాటి హీరోయిన్లు ఇప్పుడెక్కడున్నారో, ఏ రంగు చీరలో ఉన్నారో మీరే వెతుక్కోండి.

మా ఇంట్లోనూ ఒక హీరో ఉన్నారు. రిటైరయ్యేదాకా గీతల చొక్కా, నల్ల ప్యాంటు, టక్కు తప్ప ఎరగని మనిషి. పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టిన మర్నాడే నిక్కర్లలోకి దిగారు. మా అబ్బాయి డల్లాస్ నుంచి తెచ్చే టీషర్టుల మీద ఏవో యూనివర్సిటీల పేర్లుంటాయి. అందులో ఒక్కదాని గేటు కూడా చూడని మనిషి అవి తొడుక్కుని వాకింగుకి వెళితే, "అంకుల్, ఎంత యంగ్‌గా ఉన్నారండీ" అని పార్కంతా మెచ్చుకుంటుంది. పదిహేను రోజులకోసారి వాష్‌బేసిన్ నల్లబడుతుంది. యువకుడయ్యేది ఆయన, మచ్చ తోమేది నేను. అదే డబ్బాలో మిగిలిన రంగు నేను వేసుకోబోతే మా కోడలు ఫోన్లో, "వదిలెయ్యండి అత్తయ్యా, నెరిసిన జుట్టే మీకు గ్రేస్‌ఫుల్‌గా ఉంటుంది" అంది. ముసలాళ్ళకి దసరా పండగ అనే సామెత కూడా ఆయన వెనక ఎవరూ అనరు. నా కోసం దాచిపెట్టారు.

ఇన్ని కట్టుబాట్ల మధ్య ఒక్క బట్ట మాత్రం ఏ వయసుకీ లొంగకుండా తప్పించుకుంది. నైటీ! పేరు రాత్రిది, తొడిగేది పగలు. కొత్త కోడలూ అదే, తొంభై ఏళ్ళ మామ్మగారూ అదే. దాని మీది పువ్వులు భూమ్మీద ఏ మొక్కకీ పూయవు. చిలకపచ్చ మీద నారింజ మందారాలు, ఊదా మీద పసుపు తామరలు. పాలపాకెట్టుకి, కూరల బండికి, కిరాణా కొట్టుకి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి కూడా అందులోనే వెళ్ళొచ్చు. భుజాన ఒక తువ్వాలు పడితే చాలు, మర్యాద పూర్తయినట్టే. మడత కూడా విప్పకుండా ఎడమ భుజం మీద పడుండే ఆ తువ్వాలు దేన్ని కప్పుతోందో నాకింతవరకూ అంతుపట్టలేదు. అన్నట్టు, లేతరంగుల్లోకి వచ్చెయ్యమని మా ఆడపడుచు వీడియో కాల్‌లో ఉపదేశించినప్పుడు ఆవిడ ఒంటి మీద ఉన్నది రాణీ పింక్ నైటీ.

ఈ హుందాతనం జబ్బు నెలజీతాల ఇళ్ళకే పట్టింది. నాట్లకి దిగే డెబ్బయ్యేళ్ళ ఆడమనిషి ముదురెరుపు చీర మోకాళ్ళకి ఎగదోపి, మీద కొడుకు ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడిగి, తలకి తువ్వాలు చుట్టి బురదలోకి దిగుతుంది. ఆవిణ్ణి ఎవరూ రంగు మార్చుకోమనరు, కూలి ఎంతనే అడుగుతారు. తెలంగాణ తండాల్లో ఇప్పటికీ అద్దాల రవికలూ ఎర్రటి పేటియాలూ వదలని లంబాడీ అవ్వలున్నారు. మనవరాళ్ళు లెగ్గింగుల్లోకి మారారు, అవ్వలు మారలేదు. అక్కడ రంగు తగ్గింది కుర్రదానికి.

మా అమ్మమ్మల కాలంలో మొగుడు పోతే తెల్లచీరో కావిచీరో కట్టించేవాళ్ళు. ఆ దుర్మార్గం పోయిందని పుస్తకాల్లో రాసుకున్నాం, క్లాసులో నేనే పాఠం చెప్పాను. ఇప్పుడు మొగుడు నిక్కరేసుకుని నిక్షేపంగా పక్కన కూర్చుని కాఫీ తాగుతుండగానే, బూడిద రంగనీ బిస్కట్ రంగనీ పేర్లు పెట్టి ఆడదాన్ని ఆ దారిలోనే సగం దూరం నడిపిస్తున్నారు. పైగా దానికి పదిశాతం డిస్కౌంటు.

ఆ గద్వాల్ వేరే కొట్లో దొరికింది. రాణీ పింకే, జానెడు జరీ అంచు. కార్తీకంలో మా ఇంటికి భోజనానికి అందరూ రావలసిందే. లేతరంగు చీరలు మాత్రం తేవద్దని మనవి. బీరువాలో ఇప్పటికే ఒక అరంతా ఉన్నాయి. కాదని తెస్తే, పెట్టుబడి చీరలుగా ఏ పెళ్ళిలోనో, ఏ గృహప్రవేశంలోనో తిరిగి తిరిగి మీ ఇంటికే వస్తాయి.