మంచి కార్యకర్త

ఆగస్టు 15 దగ్గరపడితే జైళ్లశాఖలో ఖైదీల ముందస్తు విడుదల ఫైళ్లకు కాళ్లొస్తాయి. ఎవరికి 14 ఏళ్లు నిండాయి, రెమిషన్ (శిక్ష తగ్గింపు) కలిపితే ఎంత, సత్ప్రవర్తన ఎలా ఉంది అని ఆరా మొదలవుతుంది. ఏళ్ల లెక్క ఏ గుమాస్తా అయినా తేల్చేస్తాడు. తేలనిదల్లా సత్ప్రవర్తనే. లోపల వార్డరుకు ఎదురు చెప్పకపోతే చాలదు, గేటు బయట మన కోసం ఎన్ని కార్లు ఆగాయన్నది కూడా చూస్తారు.

ఈ కొలతను 2005లోనే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాడి చూశారు. పదేళ్ల శిక్ష పడిన ఒకాయన భార్య అధికార పార్టీ ఎమ్మెల్యే. అర్జీ వెళ్లింది, అధికారుల నివేదికలొచ్చాయి. కుటుంబ చరిత్ర అన్నచోట ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అని రాసుంది. గవర్నరుకు క్షమించే అధికారమిచ్చే రాజ్యాంగం 161వ అధికరణాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఈ అర్హత నాకైతే కనబడలేదు. గవర్నరు ఆ ఆగస్టులోనే మిగిలిన శిక్ష మాఫీ చేశారు. మరుసటేడు అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టేసి, కులం, మతం, పార్టీ విధేయత చూసి క్షమించకూడదంది.

గుజరాత్‌కు ఆ తీర్పు అందలేదో ఏమో! 2022 ఆగస్టు 15న సామూహిక అత్యాచారం, హత్యల బిల్కిస్ బానో కేసు దోషులు 11 మందినీ వదిలేశారు. దండలు వేశారు, మిఠాయిలు తినిపించారు. విడుదలకు సిఫార్సు చేసిన కమిటీలోని ఎమ్మెల్యే గారు, వాళ్లు బ్రాహ్మణులు, సంస్కారవంతులు అని సెలవిచ్చారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు అందరినీ మళ్లీ లోపలికి పొమ్మంది. శిక్ష వేసింది మహారాష్ట్ర కోర్టు కాబట్టి, క్షమించే అధికారమే గుజరాత్‌కు లేదట.

అయినా బీహార్ ముందు వీళ్లంతా చిన్నపిల్లలే. మన మహబూబ్‌నగర్ బిడ్డ జి.కృష్ణయ్య, నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి ఐఏఎస్ అయ్యాడు. గోపాల్‌గంజ్ కలెక్టరుగా ఉండగా 1994 డిసెంబరు 5న ముజఫర్‌పూర్ దగ్గర గుంపు ఆయన్ని కారులోంచి లాగి చంపింది. ఆ కేసులో మాజీ ఎంపీ ఆనంద్ మోహన్‌కు 2007లో ఉరిశిక్ష పడింది, హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవాణ్ని ముందే వదలకూడదని బీహార్ జైలు మాన్యువల్లో ఉండేది. ఖైదీలో పరివర్తన కోసం ఎన్నేళ్లని ఎదురుచూస్తారు పాపం! 2023 ఏప్రిల్‌లో ఆ నాలుగు మాటలూ తీసేశారు. మాన్యువల్లో పరివర్తన వచ్చింది.

విడుదల ఉత్తర్వు వచ్చేనాటికి ఆనంద్ మోహన్ జైల్లో లేడు. ఎమ్మెల్యే అయిన తన కొడుకు నిశ్చితార్థానికని పెరోల్ మీద వచ్చాడు. విడుదల కావాలంటే ముందు లోపల ఉండాలి కదా, పనిగట్టుకుని జైలుకెళ్లి, మర్నాడు తెల్లవారకముందే బయటికొచ్చాడు. హైదరాబాద్‌లో ఉండే కృష్ణయ్య భార్య సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఫైలు నడిచినన్నాళ్లూ ఆవిడను ఒక్క మాట అడగాలని పాట్నాలో ఎవరికీ తోచినట్టు లేదు.

ఇక అడిగే దిక్కు లేని జీవితఖైదీల సంగతి. రెమిషన్ విధానం ఉన్న రాష్ట్రాల్లో అర్హులు దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచిమాట. కానీ ఆ దిక్కులేనివాడి కుటుంబ చరిత్రలో అధికారి ఏం రాయాలి? ఏ పార్టీ జెండా మోశాడని రాయాలి? జైల్లో ఉన్నవాడికి ఓటు కూడా ఉండదాయె.