ఒక టిక్కుకు టీకా తాత్పర్యం

మూలం

పేరు: మారిస్ ఫ్లిట్‌క్రాఫ్ట్.
హోదా: ప్రొఫెషనల్ (ఎదురుగా గడిలో టిక్కు).

అవతారిక

కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదక్ వైపువాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞకు దూరం నుంచే నమస్కారం పెడుతున్నాడు. కారణం, మూలం 1976లో బ్రిటన్‌లోని ఓపెన్ గోల్ఫ్ పోటీకి పంపిన ఒక దరఖాస్తు. అందులో వ్యాఖ్యానానికి లొంగేది ఒక్క టిక్కే.

మూలకర్త ఇంగ్లాండు వాయవ్య తీరాన బారో-ఇన్-ఫర్నెస్ అనే ఓడల ఊరివాడు. వికర్స్ వారి యార్డులో క్రేన్ నడిపేవాడు. 1974లో టీవీలో పిక్కడిల్లీ వరల్డ్ మ్యాచ్‌ప్లే పోటీ చూశాడు. ఆనాటి నుంచి గోల్ఫ్ పట్టుకుంది. పోస్టులో సగం సెట్టు క్లబ్బులు తెప్పించుకున్నాడు. గురువు గోల్ఫ్ ఆటగాడు పీటర్ అలిస్, అనగా లైబ్రరీలో దొరికిన ఆయన పుస్తకం. ఉపగురువు అమెరికా ఆటగాడు అల్ గైబర్గర్, అనగా ఆయన రాసిన వ్యాసాలు. ఏకలవ్యుడికి కనీసం మట్టిబొమ్మ ఉంది. సాధన చాలావరకు సముద్రపు ఒడ్డున, ఇసుకలో. రెండేళ్ళు తిరక్కుండానే, 46 ఏళ్ళ వయసులో, 1860 నుంచి జరుగుతున్న ఆ మహా పోటీకి దరఖాస్తు పెట్టాడు.

ప్రతిపదార్థం

మారిస్ ఫ్లిట్‌క్రాఫ్ట్ = ఆ పేరుగల క్రేన్ ఆపరేటరు; హోదా = ఆటలో తన స్థానము, అనగా ఇంకా ఎవరూ ఇవ్వనిది; ప్రొఫెషనల్ = డబ్బు కొరకు ఆడువాడు (డబ్బు గెలుచువాడు అని అర్థం చెప్పుట వ్యాఖ్యాతల అత్యుత్సాహము); టిక్కు = ఔను.

ఛందస్సు

మూలంలో అక్షరాలు తక్కువ కనుక యతిప్రాసల గొడవ లేదు. టిక్కుకు మాత్రం గణవిభజన కుదురుతుంది. ముందు పొట్టి గీత లఘువు, తర్వాత పొడుగు గీత గురువు. వెరసి వగణం. గణదోషం కనపడదు.

శంక

సాధన చూస్తే శుద్ధ అమెచ్యూర్. మరి అమెచ్యూర్ గడి పక్కనే ఉండగా ప్రొఫెషనల్ గడిలో టిక్కు ఎందుకు? ఇది అబద్ధం కాదా?

సమాధానం: కాదు. అమెచ్యూర్‌గా దరఖాస్తు పెట్టేవాడు హ్యాండికాప్ పత్రం జతచేయాలి. హ్యాండికాప్ అంటే, కోర్సు ఆశించే దెబ్బలకన్నా ఈ మనిషికి సుమారు ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె. క్లబ్బులో సభ్యత్వం ఉండి, కార్డులు నింపి, వాటిమీద ఇంకొకరు సంతకం చేస్తే గాని అది రాదు. మూలకర్త దగ్గర అది లేదు. ప్రొఫెషనల్‌కు హ్యాండికాప్ ఉండదు కనుక పత్రమూ అడగరు. చిన్నమాట చెప్పేవాణ్ణి సాక్ష్యం అడిగి, పెద్దమాట చెప్పేవాణ్ణి రమ్మని తలుపు తీసిన ఫారం అది. అతను తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చాడు.

మళ్ళీ శంక: తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ప్రొఫెషనల్ అయిపోతాడా? మళ్ళీ సమాధానం: ఈ ఆటలో దాదాపు అంతే. క్లబ్బుల్లో పాఠాలు చెప్పే ప్రొఫెషనల్‌కు శిక్షణ, పరీక్షలు ఉన్నాయి. పోటీల్లో ఆడే ప్రొఫెషనల్‌కు ఏ పరీక్షా లేదు. లారీ నడపాలంటే లైసెన్సు కావాలి, పళ్ళు పీకాలంటే డిగ్రీ కావాలి. ఇక్కడ అమెచ్యూర్ తనం వదులుకుంటే చాలు, మిగిలినది ప్రొఫెషనల్ తనమే. ఇప్పటి నియమాల్లో, అనగా 2022 నుంచి, అమెచ్యూర్ 700 పౌండ్లకు మించిన బహుమతి పుచ్చుకుంటే అమెచ్యూర్ కాకుండా పోతాడు. పుచ్చుకోనక్కర్లేదు కూడా, ప్రొఫెషనల్‌నని చెప్పి ఒక పోటీలో ఆడినా సరిపోతుంది. యూఎస్ ఓపెన్ నేటికీ అమెచ్యూర్‌ను 0.4 లేదా అంతకన్నా మెరుగైన హ్యాండికాప్ చూపమంటుంది, ప్రొఫెషనల్‌ను హ్యాండికాప్ అడగదు. కనుక టిక్కు అబద్ధం కాదు. ఆశ. ఆశను తప్పుగా పూరించిన వివరంగా పరిగణించే చట్టం ఈ వ్యాఖ్యాత ఎరిగినంతలో లేదు.

విశేషం

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత ఆశ ఎలా పుట్టింది? ఈ ఆశ మూలకర్త ఒక్కడిది కాదు. డ్రైవింగ్ రేంజిలో బకెట్టు బంతులు కొనుక్కున్న ప్రతివాడికీ ఏదో ఒక శనివారం పుడుతుంది. తాను కొట్టిన నలభై బంతుల్లో ఒకటి గాలిలో తిన్నగా లేచి, అనుకున్నచోట మెత్తగా దిగుతుంది. ఆ బంతిని ఛాంపియన్ కొట్టినా అంతకన్నా బాగా వెళ్ళదు. మిగతా ఆటల్లో ఈ సౌకర్యం లేదు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తే గల్లీ బ్యాట్స్‌మన్‌కు అది కనపడదు, చక్కని కవర్ డ్రైవ్ మాట దేవుడెరుగు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా నేలమీద కూర్చుని, కొట్టేవాడి వీలు చూసుకుంటూ ఉంటుంది. ఎదుట శత్రువు లేడు. అందుకే పామరుడికి కూడా రోజుకొకటి ప్రపంచస్థాయి దెబ్బ పడుతుంది, ముప్పై అడుగుల నుంచి నేలమీద దొర్లించిన పుట్ గుంటలో పడుతుంది. అలా పడ్డాక ఊరుకుంటాడా? అనుమానం చేస్తాడు. అనుమానం అంటే సందేహం అనుకోవద్దు, తర్కశాస్త్రంలోని అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం స్థాలీపులాక న్యాయం. కుండలో అన్నం ఉడికిందో లేదో చూడడానికి అమ్మ మెతుకులన్నీ పిసకదు, ఒక్కటి పట్టి చూస్తుంది. అది ఉడికితే అన్నీ ఉడికినట్టే. మన గోల్ఫరు కూడా ఒక్క మెతుకు పట్టి చూశాడు. ఉడికింది. కనుక కుండంతా ఉడికింది, మిగిలినది ఉద్యోగానికి రాజీనామా రాయడమే.

దోషం ఎక్కడంటే, అన్నం మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంటమీద ఉడుకుతాయి. గోల్ఫ్ దెబ్బలు విడివిడిగా ఉడుకుతాయి. ఒకటి ఉడికిందన్న సంగతి పక్కదానికి తెలియదు. తర్కశాస్త్రం దీన్ని హేత్వాభాసం అంటుంది, క్లబ్బులో సంచులు మోసే క్యాడీలు వేరే మాట అంటారు. ప్రొఫెషనల్ గొప్పతనం అతని మంచి దెబ్బల్లో లేదు, చెడ్డ దెబ్బల్లో ఉంది. అతని చెడ్డ దెబ్బ గడ్డి అంచున ఆగుతుంది. మన చెడ్డ దెబ్బ చెరువులో గాని, పక్క ఫెయిర్‌వేలో ఆడుకుంటున్న పెద్దమనిషి దగ్గర గాని ఆగుతుంది. కలలో ఎవరూ తమ చెడ్డ దెబ్బలను ఛాంపియన్ చెడ్డ దెబ్బలతో పోల్చుకోరు. పోలిక ఎప్పుడూ మంచివాటితోనే.

మూలకర్త విషయానికి వస్తే, 1976 జూలైలో ఫార్మ్‌బీలో అర్హత పోటీ. మొదటి తొమ్మిది హోల్స్‌కు 61, తర్వాతి తొమ్మిదికి 60. మొత్తం 121. కోర్సు ఆశించిన దానికన్నా 49 ఎక్కువ. ఓపెన్ చరిత్రలో అంత పెద్ద స్కోరు మరొకటి లేదు. రెండో సగంలో ఒక దెబ్బ తగ్గిందన్న అభ్యున్నతిని మాత్రం చరిత్రకారులు విస్మరించారు. ఈ స్కోరు తన ఆటకు సరైన అద్దం కాదని మూలకర్త తర్వాత చెప్పుకున్నాడు. నడుంనొప్పి ఉందట, కాని సాకులు చెప్పడం ఇష్టం లేదట. అసలు కారణం ఫోర్ వుడ్ అనే క్లబ్బును కారులో మరచిపోవడమట. దానితో కొడితే తనకు తిరుగులేదట. పండితులారా, గమనించండి. ఆ ఉడికిన మెతుకు ఫోర్ వుడ్. అది కారులోనే ఉండిపోయింది.

రసం

ఇందులో అంగిరసం ఏది అన్నదానిమీద భేదాభిప్రాయాలున్నాయి. చూసినవాళ్ళకు హాస్యం. పోటీ నడిపే ఆర్ అండ్ ఏ సంస్థకు రౌద్రం. అతనితో కలిసి ఆడవలసి వచ్చిన ఇద్దరు అసలు ప్రొఫెషనల్స్‌కు కరుణ, అదీ తమమీద తమకు. వారి ప్రవేశ రుసుము సంస్థ తిరిగి ఇచ్చేసింది. విలేకరి ఫోను చేస్తే మూలకర్త తల్లి, గెలిచాడా అని అడిగిందట. పోటీ చరిత్రలోనే అధ్వాన్నమైన స్కోరమ్మా అంటే, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అన్నదట. దీన్ని వాత్సల్యంలో చేర్చినవారున్నారు. ఈ వ్యాఖ్యాత దృష్టిలో శాంతం.

అయితే మూలకర్త తనమటుకు తాను ఆద్యంతం వీరంలోనే ఉన్నాడు. వీరానికి స్థాయీభావం ఉత్సాహం. స్థాయి అంటే ఏ భావాలు వచ్చిపోయినా చెదరనిది. సంస్థ తలుపు మూసింది. అతను 1978లో జీన్ పసెకీ అనే అమెరికన్ ప్రొఫెషనల్‌గా వచ్చాడు. కొన్ని హోల్స్‌లోనే దొరికిపోయాడు. 1983లో స్విట్జర్లాండుకు చెందిన జెరాల్డ్ హాపీగా వచ్చాడు. తొమ్మిది హోల్స్‌కు 63 కొట్టాక ఆపేశారు. 1990లో, అరవై ఏళ్ళ వయసులో, జేమ్స్ బో జోలీగా వచ్చాడు. ఈసారి మొదటి హోల్‌లో రెండు దెబ్బలు ఎక్కువ, రెండోదానిలో ఒకటి ఎక్కువ, మూడోదానిలో పార్, అనగా కోర్సు ఆశించినన్ని దెబ్బలే, వచ్చేలా ఉంది. రెండు, ఒకటి, సున్న! ఆ శ్రేఢి ఎటు పోతుందో చూడనివ్వకుండా అధికారులు వచ్చి పక్కకు తీసుకుపోయారు. వ్యాఖ్యాతకు పక్షపాతం ఉండరాదు గాని, ఆ పుట్ ఒక్కటి కొట్టనిచ్చి ఉండవలసింది.

1988లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం నుంచి ఒక క్లబ్బు అతణ్ణి అతిథిగా పిలిచింది. తమ పోటీకి అప్పటికే అతని పేరు పెట్టుకున్నారు. అందులో ఒక గ్రీన్‌మీద రెండు గుంటలు తవ్వారు. ఒకటి తప్పితే రెండోదానిలోనైనా పడాలని.

మతాంతరం

ఆశతో ఏమవుతుంది, లెక్క కావాలనే సంఖ్యావాదులు వేరే ఉన్నారు. వారి ఆచార్యుడు అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరవాసి డాన్ మెక్‌లాఫ్లిన్. ఫొటోగ్రాఫరు. 2010 ఏప్రిల్‌లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఉద్యోగం వదిలి గోల్ఫ్ పట్టాడు. పదివేల గంటలు సాధన చేసి ప్రొఫెషనల్ కావాలని సంకల్పం. ఈ పదివేల సూత్రానికి మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులమీద చేసిన అధ్యయనం, వ్యాఖ్యానం 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం. మూలంలో అది మేటి విద్యార్థుల సగటు. వ్యాఖ్యానంలోకి వచ్చి లోకం నోట పడేసరికి గ్యారంటీ అయి కూర్చుంది. వ్యాఖ్యాతల చేతిలో మూలానికి పట్టే గతి ఇది. ఈ టీకాను కూడా ఆ జాగ్రత్తతోనే చదువుకోవాలి.

డాన్ తపస్సులో కపటం లేదు. గుంటకు అడుగు దూరంలో పుట్‌లతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా వెనక్కి జరిగాడు. హ్యాండికాప్ 2.6కు దిగింది. క్లబ్బుల్లో ఆడే వారిలో అత్యధికులు జీవితంలో చూడని అంకె అది. ఆరువేల గంటల ప్రాంతంలో నడుము పట్టేసింది. 2015లో ఆట ఆగింది. తర్వాత అతను పానీయాల్లో కలుపుకొనే సిరప్‌ల వ్యాపారం పెట్టుకున్నాడు. నడుంనొప్పి ఉభయ సంప్రదాయాలకూ సమానమని గ్రహించాలి.

తాత్పర్యం

2.6 అంటే గమ్యం దగ్గరపడ్డట్టు వినిపిస్తుంది. సున్నాకు రెండున్నర దూరమే కదా అని. గమ్యం సున్నా దగ్గర లేదు. పెద్ద టూర్లలో ఆడేవారికి హ్యాండికాప్ లెక్కగడితే సున్నా దాటి అవతల ప్లస్ అయిదు, ఆపైన తేలుతుంది. అనగా వారు ఎదురు అయిదు దెబ్బలు ఇచ్చి ఆడగలరు. 2.6కు, ప్లస్ అయిదుకు మధ్య రౌండుకు సుమారు ఏడున్నర దెబ్బలు. పోటీ నాలుగు రౌండ్లు. ముప్పై దెబ్బలు. ఒక్క దెబ్బ తేడాతో ట్రోఫీలు పోయే ఆటలో అది. 2025 యూఎస్ ఓపెన్‌కు 10,202 మంది దరఖాస్తు పెట్టారు. చోట్లు 156. వాటిలో దాదాపు సగం నేరుగా అర్హత ఉన్నవారివి.

పైగా ఆ అంకె కూడా మనిషిని కాస్త పొగిడే అంకె. చివరి ఇరవై రౌండ్లలో మేలైన ఎనిమిదింటినే లెక్కకు తీసుకుంటుంది. మిగతా పన్నెండింటినీ మరచిపోతుంది. మెతుకు పట్టి చూసే అలవాటు ఆటగాళ్ళదే అనుకుంటాం గాని, ఆటను నడిపేవారికీ ఉంది.

కనుక చదువరులలో ఎవరికైనా ఈ కోరిక పుట్టి ఉంటే ఈ వ్యాఖ్యాత విన్నపం ఒకటే. రాజీనామా రాసేముందు ఇరవై రౌండ్లు ఆడండి. నీళ్ళలో పడినవి, పొదల్లో పడినవి, మిత్రులు పోనీలే అని వదిలేసినవి, అన్నీ కార్డులో వేయండి. తర్వాత మేలైన ఎనిమిది కాదు, అధ్వాన్నమైన ఎనిమిది తీసి సగటు కట్టండి. ఆ అంకె చూశాక కూడా కోరిక నిలిచి ఉంటే దరఖాస్తు పెట్టండి. ఈసారి నాలుగో నంబరు వుడ్‌ను సంచీలో పెట్టుకున్నారో లేదో చూసుకోండి.