ఒకటిన్నర అల్లుడు

సంక్రాంతి ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల వరకు ఛార్జీ తీసుకోవడం దోపిడీ కాదనీ, ప్రయాణికులను ఊళ్లలో దించిన బస్సులు ఖాళీగా తిరిగివస్తాయి కనుక కనీసం డీజిల్ ఖర్చయినా రాబట్టుకోవాలనీ, ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వెలువడిన జీవో 16 ఇందుకు అనుమతిస్తోందనీ తెలంగాణ ఆర్టీసీ వివరణ ఇచ్చింది. రెగ్యులర్ సర్వీసుల ఛార్జీలు మారలేదన్న ఊరడింపు కూడా ఆ వివరణలోనే ఉంది. ఆ సర్వీసుల్లో సీటు దొరకదన్న సంగతి మాత్రం ప్రకటన పరిధిలోకి రాలేదు. సామాన్యులు దీనిని ఛార్జీల పెంపుగా పొరబడుతున్నారు గానీ, అర్థశాస్త్రానికి ఒక నూతన సిద్ధాంతం దొరికిందన్న విషయాన్ని పండితులైనా గుర్తించాలి.

దీనిని శూన్య ప్రయాణిక సిద్ధాంతం అనవచ్చు. శూన్య ప్రయాణికుడంటే తన పేర ఛార్జీ చెల్లినా బస్సెక్కనివాడు, అసలు పుట్టనేలేదు కనుక ఎక్కే అవకాశమూ లేనివాడు. ఎక్కిన ప్రతి మనిషి వెంటా ఇటువంటి అరమనిషి ఒకడు ఉంటాడన్నది సిద్ధాంతసారం. ఆ లెక్కన భార్యాభర్తలూ ఫుల్ టికెట్టు ఈడుకు వచ్చిన ఇద్దరు పిల్లలూ ఎల్బీనగర్‌లో విజయవాడ స్పెషల్ ఎక్కితే, ఆర్టీసీ ఖాతాలో ఆరుగురు ఎక్కినట్లు. అరటికెట్టు పిల్లవాడి పక్కన మాత్రం పావుమనిషే కూర్చుంటాడు. కిటికీలోంచి కర్చీఫు విసిరి, ఇంకా రాని మనిషికి సీటు ఆపే జనం ఏనాడో ఆచరణలో పెట్టినదానికి సంస్థ కాస్త ఆలస్యంగా శాస్త్రం రాసిందనుకోవాలి.

ఈ ప్రయాణికుడి మరో లక్షణం, ఎప్పుడూ జనానికి ఎదురు దిశలోనే పోవడం. భోగికి ముందు అందరూ ఊరికి వెళ్తుంటే అతడు పట్నానికి వస్తుంటాడు. కనుమ దాటి అందరూ పట్నానికి మళ్లగానే, తిరుగు రద్దీ రోజులకూ పెంచిన ఛార్జీలే వర్తిస్తాయి కనుక, అతడు ఊరికి బయలుదేరతాడు. ఒక్క పండగనూ అందుకోలేకపోయినా ఒక్క బస్సూ తప్పిపోనివ్వని ఇంతటి నిష్ఠాపరుడు మరొకడు కనిపించడు.

అతడి ఛార్జీ కట్టిన తరువాత అతడిని బంధువుగా అంగీకరించడం ధర్మం. కనుక తొలి పండగకు అత్తవారింటికి వచ్చే కొత్త అల్లుడు ఇకపై ఒకటిన్నర అల్లుడు. బట్టలు పెట్టే మామగారు పంచెల చాపుతో పాటు అరచాపు కూడా కొని ఉంచుకోవాలి. భోగిపళ్లు పోసే పేరంటాళ్లు రేగుపళ్లలో, చెరకు ముక్కల్లో, చిల్లరలో పావుపిల్లవాడి వాటాను తీసి పీట పక్కన పోయాలి. అరిసెలకు బియ్యం నానబోసే అమ్మమ్మ, వచ్చేవాళ్ల తలలను వదిలేసి వాళ్ల టికెట్లను లెక్కపెట్టుకోవాలి. విస్తరి ఎందుకు వేయలేదని ఎవరైనా ఆక్షేపిస్తే, మనిషి కనిపించలేదన్న జవాబు చెల్లదు. కండక్టరుకు కనిపించినవాడు అత్తగారికి కనిపించకపోవడం పక్షపాతం అనిపించుకుంటుంది.

అయితే, ఖాళీకి ఖరీదు కట్టిన ఈ సిద్ధాంతం ఆ ఖరీదును అందరి దగ్గరా వసూలు చేయదు. విజయవాడ దారిలోనే పంతంగి టోల్‌ప్లాజా దాటే కారులో ఒక్కరే కూర్చుని మిగతా సీట్లన్నీ ఖాళీగా తీసుకుపోయినా ఆ సీట్లకు ఎవరూ బిల్లు వేయరు. పైగా 2026 సంక్రాంతికి ఆ దారిలో టోల్ మాఫీ చేయాలని రాష్ట్ర మంత్రే కేంద్రానికి లేఖ రాశారు. అదే దారిలో ఒళ్లో పిల్లనూ కాళ్ల కింద మూటనూ పెట్టుకుని మోకాళ్లు కదపలేక కూర్చున్నవారు మాత్రం ఎవరూ కూర్చోని సీట్లకు డబ్బు కడుతున్నారు. వారు అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రంతా మేలుకునే వాచ్‌మన్లు, సెంట్రింగ్ మేస్త్రీలు, పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపించే షాపు పిల్లలు, ఆస్పత్రి ఆయాలు. రైల్లో బెర్తు దొరక్క, ప్రైవేటు బస్సు రేటు తట్టుకోలేక, ప్రభుత్వ బస్సు తమదేనని నమ్మి వచ్చినవారు.

తిరిగివచ్చే బస్సు ఖాళీని పైసలతో సహా లెక్కగట్టిన ఏలికలకు, అది వెళ్లి ఆగే ఊరి ఖాళీ ఏనాడూ లెక్కకు రాలేదు. చదువునూ వైద్యాన్నీ కొలువునూ చివరకు కూలిపనిని కూడా ఒక్క నగరం చుట్టూ పోగుచేసి, ఊళ్లో ముసలివాళ్లనూ తాళాలనూ మిగిల్చినందువల్లే పండగకు బస్సు ఒకవైపే నిండుతోంది. ఆ పాపం పాలించినవారిది అయినప్పుడు పరిహారం ప్రయాణికుడు కట్టడమేమిటి? 2022 సంక్రాంతికి ఇదే సంస్థ అదనపు ఛార్జీ లేకుండానే ప్రత్యేక బస్సులు నడిపింది. అప్పుడు తిరుగు బస్సులు కిటకిటలాడాయని ఎవరూ అనలేదు. పంచాంగం ఏడాది ముందే చెప్పే పండగకు నాలుగు రోజుల డీజిల్ డబ్బు బడ్జెట్‌లో పెట్టలేమనడం పచ్చి అబద్ధం. జీవో 16ను రద్దు చేయడానికి ఒక్క సంతకం చాలు. 2003 నుంచి ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ సంతకం పడలేదంటే, కన్నవాళ్లను చూడబోయే పేదవాడి జేబు అన్ని పార్టీలకూ ఉమ్మడి ఆస్తి అయిందని అర్థం.