మంచమడుగు పెట్టె: టీకా తాత్పర్య సహితం

ఎండ తగలకుండ నింజను సెగ లేక
మంచమడుగు నున్న మంచి పెట్టె
చలువపెట్టె నడుపు చల్లగ రాత్రంత
ఏసి కోరబోకుమెన్నడేని

అవతారిక. క్యాంపర్ వ్యాన్ అంటే చక్రాల మీది గది, దానికి రెండు బ్యాటరీలు కావాలి. మొదటిది ఇంజనును నిద్రలేపి తన పని అయిందనుకుంటుంది. రెండోది ఇంజను ఆగాక దీపం, ఫ్యాను, ఫ్రిజ్ తెల్లవార్లూ మోయాలి. ఈ రెండోదాన్ని ఎంచుకునే శాస్త్రం చాలావరకు చలిదేశాల్లో పుట్టింది, అందులో భయమంతా మంచు గురించే. ఒమాన్‌లో దాన్ని తలకిందులుగా చదువుకోవాలి. అక్కడి తీరపట్టణం ఖురియాత్‌లో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారైనా వేడి 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అలాంటి చోట బ్యాటరీని ఆంపియర్-గంటలతో కాదు, ముందు డిగ్రీలతో కొలవాలన్నదే ఈ ఆటవెలది మొత్తానికీ వస్తువు. పద్యం కట్టినవాడూ వ్యాఖ్యాతా ఒకడే కనుక కవిహృదయం విషయంలో వివాదం లేదు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన కోలాచల మల్లినాథసూరి దారిలోనే నడుద్దామని సంకల్పం, ఎంతవరకు నడుస్తామో చూడాలి.

టీక. ‘ఎండ తగలకుండన్’ అంటే ఎండ పడని చోట, ‘ఇంజను సెగ లేక’ అంటే బానెట్ కింద కాక. ఈ రెండో మాట దగ్గర ‘ఇంజను చెంత నిలిపి’ అని పాఠాంతరం చెప్పేవారున్నారు. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల బానెట్ కింద రెండో బ్యాటరీకి చోటుంటుంది, తీగ పొట్టిగా సరిపోతుంది, గదిలో జాగా మిగులుతుంది అన్నది వాళ్ల వాదం. తీగ పొదుపు నిజమే. కాని లెడ్-యాసిడ్ బ్యాటరీకి వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఆ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. 25 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు బతికేది 45 దగ్గర ఏడాదికే చేతులెత్తేస్తుంది. మధ్యాహ్నం ఎడారి దారిలో నడిచిన బండి బానెట్ కింద 60 దాటడం మామూలే. ఇక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి చార్జింగ్ హద్దు 45 డిగ్రీలని చాలామంది తయారీదారులు రాసిపెడతారు. ఆ హద్దు దాటితే లోపలి కాపలా సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. అందుచేత పాఠాంతరం అసాధువు.

‘మంచి పెట్టె’ అన్నచోట విశేషణం యతి కోసం పడిందని తొందరపడరాదు. నీళ్లు పోసే పాతరకం లెడ్-యాసిడ్ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, దాని మీద పరుపు వేసుకుని పడుకోలేం. కాబట్టి మంచం కింద ఉండదగినదే మంచిది. ఆ యోగ్యత రెండింటికి ఉంది: సీలువేసిన లెడ్-యాసిడ్ రకమైన ఏజీఎం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇక్కడ పూర్వపక్షి గట్టివాడు. ఏజీఎం చవక, మస్కట్‌లో ఏ బ్యాటరీ దుకాణంలోనైనా దొరుకుతుంది, వేడెక్కిందని అలిగి ఆగిపోదు కదా అంటాడు. ఆగిపోదు, నిజమే, చెప్పకుండా కరిగిపోతుంది. పైగా దాన్ని సగానికి మించి వాడితే చెడుతుంది. ‘చలువపెట్టె నడుపు’ అన్న మాటకు లెక్క కడదాం. 45 వాట్ల చిన్న ఫ్రిజ్ వేడి రోజుల్లో గంటకు ముప్పై ఆరు నిమిషాలు తిరిగిందనుకుంటే రోజుకు సుమారు 650 వాట్-గంటలు, అంటే 50 ఆంపియర్-గంటలు. ఫ్యాను, దీపం, ఫోన్లు కలిపితే 60. వంద ఆంపియర్-గంటల ఏజీఎం ఒక్క రోజు కూడా నిలవదు. అదే పరిమాణం లిథియం ఒక రోజు దాటి నిలుస్తుంది, బరువు అందులో సగం కూడా ఉండదు. టైర్లలో గాలి తీసి వహీబా ఎడారి ఇసుకలోకి దిగేవాడికి ప్రతి కిలో లెక్కే. అయినా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారాంతాల్లో మాత్రమే బయలుదేరే కుటుంబానికి ఏజీఎం చాలు. ఆ మాత్రం ఒప్పుకోకపోతే అది వ్యాఖ్యానం కాదు, వకాలత్తు.

అలంకారం అసంగతి: ఎండ తగిలేది పైకప్పు మీది సోలార్ ప్యానెల్‌కు, చల్లబడేది కింద ఫ్రిజ్‌లోని పెరుగు. (పెట్టె శబ్దం రెండుసార్లు వచ్చిందని పునరుక్తి దోషం చెప్పరాదు, ఒకటి ఇచ్చేది, ఒకటి తినేది.) వెంటనే విరోధం కూడా ఉంది. బండికి నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. దీనికి పరిహారం మడత ప్యానెల్: బండిని చెట్టుకిందా, ప్యానెల్‌ను పొడుగు తీగతో ఎండలోనూ ఉంచడం. ఇంత ఎండ ఉన్న దేశంలో సోలార్ ఒక్కటి చాలదా అంటే, జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అనే అక్కడి వానాకాలపు మబ్బు కమ్మిన సలాలా కొండల్లో చాలదు. జనం ఎక్కువగా వెళ్లేదీ అప్పుడే. కాని మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1000 కిలోమీటర్లు, హైమా మీదుగా రోజంతా డ్రైవింగ్. ఆ దారిలో ఇంజను తిప్పే ఆల్టర్నేటరే అసలు సూర్యుడు. 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టుకుంటే ఖాళీ అయిన వంద ఆంపియర్-గంటల బ్యాటరీ మూడున్నర, నాలుగు గంటల్లో నిండుతుంది. చార్జర్ బదులు రెండు బ్యాటరీలను కలిపే చవకైన రిలే చాలదా అంటే, లిథియం లోపలి నిరోధం తక్కువ. అడ్డు లేకపోతే దొరికినంతా లాగుతుంది. ఇసుకలో మెల్లగా పాకే బండిలో గాలి ఆడక ఆల్టర్నేటర్ మాడుతుంది. చార్జర్ చేసే పని ఆ ఆబకు కళ్లెం వేయడమే.

నాలుగో పాదానికే విరోధులెక్కువ. ఏసీ లేకుండా ఒమాన్‌లో నిద్రా! 700 వాట్ల ఏసీ ఎనిమిది గంటలు తిరిగితే 5.6 యూనిట్లు. వంద ఆంపియర్-గంటల లిథియం నాలుగు కలిపినా 5.1 యూనిట్లే. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెల్ పరిచినా రోజుకు రెండు యూనిట్ల చుట్టుపక్కల ఆగుతుంది, ఎందుకంటే వేడెక్కిన ప్యానెల్ చల్లనిదాని కంటే తక్కువ ఇస్తుంది. ‘ఎన్నడేని’ అతిశయోక్తి కదా, తీరంలో జూన్ రాత్రి ఏం చేయాలి అంటే, ఆ రాత్రి అక్కడ ఉండకూడదనే పద్యం అభిప్రాయం. అలాంటి చోట మంచం కింద కూడా 45 దాటుతుంది, మంచి పెట్టె చార్జింగ్ మానేస్తుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతాయి. జబల్ అఖ్దర్ మీది సైఖ్ పీఠభూమి దాదాపు 2000 మీటర్లు. పదమూడు డిగ్రీల ఏసీ అక్కడ ఉంది, దాని బిల్లు డీజిల్‌లో కడతాం. అయితే శీతాకాలం జబల్ షమ్స్ మీద రాత్రి సున్నాకు దిగవచ్చు, అప్పుడు లిథియాన్ని చార్జి చేస్తే చెడుతుంది కదా? చెడుతుంది. అందుకే ‘మంచమడుగు’. వేసవిలో సెగ తగలని ఆ చోటే చలికాలంలో మనుషుల ఒంటి వెచ్చదనం పంచుకుంటుంది, సూర్యుడు ఎక్కేదాకా ప్యానెల్ ఎలాగూ పని మొదలుపెట్టదు.

న్యూనపద దోషం ఒకటి మిగిలింది. పద్యంలో ఫ్యూజు లేదు. బ్యాటరీ పాజిటివ్ కొస నుంచి బయలుదేరే తీగకు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. లేకపోతే తీగ ఎక్కడ ఒరుసుకున్నా నిప్పు పుట్టేది మంచం కిందే. మూలంలో లేనిది రాశాం, మల్లినాథుడు మన్నించాలి.