నీ గురించి చెప్పమంటే ఎవరి గురించో చెబుతున్నారు

మా రోజుల్లో ఇంటర్వ్యూ ఒక కార్డుతో మొదలయ్యేది. ఏలూరు వెళ్లి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకోవాలి. గడువు దాటకుండా ఆ కార్డు రెన్యువల్ చేయించుకోవాలి. సీనియారిటీ వచ్చేదాకా కాచుక్కూచోవాలి. ఎప్పటికో ఒకనాడు పోస్ట్‌మాన్ వీధి మొదట్లోంచే "కాల్ లెటరొచ్చిందండోయ్" అని కేకేస్తే ఇరుగూపొరుగూ గుమ్మాల్లోకి వచ్చేసేవారు. మా జంగారెడ్డిగూడేనికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. కొవ్వూరు-భద్రాచలం లైను కబుర్లు వింటూనే మా తరానికి జుట్టు నెరిసిపోయింది. బస్సెక్కి తాడేపల్లిగూడెం పోయి, రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్. ఇస్త్రీ చొక్కా మడత చెడకుండా న్యూస్‌పేపర్ల మధ్య పెట్టుకుని వెళ్లి, స్టేషన్ వెయిటింగ్ రూములో మొహం కడుక్కుని అక్కడే మార్చుకునేవాళ్లం.

ఇప్పటి పిల్లలకు ఆ తిప్పలు తప్పాయి. మంచిదే. ఇంట్లో మంచం మీద కూచుని ఫోన్లోనే ఇంటర్వ్యూ ఇచ్చేస్తున్నారంటే నాకేం దుగ్ధ లేదు. నా బాధ వేరు. అంత దూరం పోయి మేం బోర్డు ముందు కూర్చుంటే అక్కడ కూచున్నది మేమే. ఇప్పుడు మన కుర్రాడు కుర్చీలో ఉంటాడు, మాట్లాడేది మాత్రం కోచింగ్ సెంటరు.

అలాగని మా కాలమంతా సత్యకాలమని నేననను. సిఫారసు ఉత్తరాలు మా కాలంలోనే నడిచాయి. ఒకచోట నా పేరూ ఊరూ అడిగి, మరో మాట లేకుండా "వెళ్లిరండి" అన్నారు. బయటికొచ్చాక వరండాలో అందరూ చెప్పుకుంటున్నారు, ఆ పోస్టు ఎవరికివ్వాలో ముందే తేలిపోయిందని. ఆ కడుపుమంట నాకింకా ఉంది. డిగ్రీలు చేతపట్టుకుని ఢిల్లీ వీధుల్లో తిరిగే కుర్రాళ్ల కథగా 'ఆకలి రాజ్యం' సినిమా 1981లో వస్తే మా వాళ్లు విరగబడి చూశారంటే ఊరికే చూశారా? సుప్రీంకోర్టు అజయ్ హాసియా కేసులో తీర్పిచ్చిందీ ఆ రోజుల్లోనే, 1980 నవంబరులో. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో 150 మార్కులకు 50 మార్కులు ఇంటర్వ్యూకే పెట్టి, ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాల్లో పంపించేశారని ఆ కేసు. నోటి పరీక్షకు నూటికి 15 మించి ఇవ్వడం అన్యాయమని కోర్టు తేల్చింది. 1985లో హర్యానా సర్వీసు కమిషన్ కేసులో దాన్ని ఇంకా బిగించి, మామూలు అభ్యర్థులకు 12.2 శాతం చాలంది. ఇప్పుడు సివిల్స్‌లో 2025 మార్కులకు ఇంటర్వ్యూ 275. మన గ్రూప్-1లో 825కి 75. ఆ లెక్కల వెనక మా తరం వాళ్ల ఉసురుంది.

చివరికి 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి కొలువులకు ఇంటర్వ్యూలే ఎత్తేశారు. బ్యాంకు క్లర్కులకూ ఇంటర్వ్యూ పోయింది. లంచాలకు, సిఫారసులకు దారి మూసుకుపోయినందుకు నాకు సంతోషమే. కానీ దాంతోపాటు ఇంకోటి కూడా పోయింది. పల్లెటూరి కుర్రాడు నలుగురు పెద్దవాళ్ల ఎదురుగా కూచుని, తనకు తెలిసింది తన నోటితో చెప్పే అలవాటు పోయింది. ఇంటర్మీడియెట్ నుంచి డిగ్రీ దాకా కాగితం మీద జవాబులు రాయడమే. తీరా క్యాంపస్ ప్లేస్‌మెంటు నాడు కుర్చీలో కూచోబెట్టి "మీ గురించి చెప్పండి" అనేసరికి, ఎన్నడూ చెప్పి ఎరగనివాడు ఏం చెబుతాడు? అమీర్‌పేట కోచింగ్ సెంటరులో ఎవడో రాసిచ్చింది అప్పజెబుతాడు.

ఈ మధ్య మా వీధి చివర కుర్రాడు వచ్చాడు. బీటెక్ అయిపోయింది. "తాతయ్యగారూ, ఎల్లుండి ఇంటర్వ్యూ ఉందండి, ఒకసారి అడిగి చూడండి" అన్నాడు. అడిగాను. తన గురించి గడగడా ఇంగ్లీషులో చెప్పాడు. హార్డ్ వర్కర్నన్నాడు, టీమ్ ప్లేయర్నన్నాడు, క్విక్ లెర్నర్నన్నాడు. నీ బలహీనత ఏమిటన్నాను. "పనంటే పర్‌ఫెక్షన్ ఉండాలండి నాకు. పూర్తయ్యేదాకా నిద్రపట్టదు" అన్నాడు.

"ఎప్పుడు పట్టలేదురా?"

జవాబు లేదు. ఆ ప్రశ్న కోచింగ్ వాళ్లిచ్చిన కాగితంలో లేదు.

వాళ్ల నాన్నకు పొగాకు క్యూరింగు చేసే బ్యారన్ ఉంది. "ఈ ఏడు క్యూరింగప్పుడు రాత్రుళ్లు బ్యారన్ దగ్గర ఎవరున్నారురా?" అన్నాను. "నేనేనండి. నాన్నకి ఒంట్లో బాగోలేదు కదండి" అన్నాడు. ఎలా చూసుకున్నావు, చెప్పమన్నాను. అప్పుడు మొదలెట్టాడండీ మా వాడు. ఆకును కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక మొదట వేడి మెల్లగా పెట్టాలట. ఆకు పసుపెక్కేదాకా తొందరపడకూడదట. తొందరపడి మంట పెంచితే పచ్చదనం అలాగే ఉండిపోతుంది, మరీ ఆలస్యం చేస్తే గోధుమరంగుకు తిరిగి పాడైపోతుంది. రంగు కుదిరాక వేడి పెంచుకుంటూ పోయి, ఆఖర్న ఈనె ఎండేదాకా తీసుకెళ్లాలి. అర్ధరాత్రి లేచి థర్మామీటరు చూసి, కట్టె వేయాలో ఆపాలో వాడే తేల్చుకునేవాడు. ఆ రాత్రి కునుకు పడితే బ్యారన్‌లో ఉన్న ఆకంతా బ్రైట్ గ్రేడులోంచి లో గ్రేడులోకి జారిపోతుంది. రేపు వేలంలో బేలు ముందుకు ఏ కంపెనీ బయ్యరూ రాకపోతే 'నో బిడ్' రాసి వెనక్కి పంపేస్తారు. ఏడాది అప్పు నెత్తిన ఉంటుంది.

ఇదంతా తెలుగులో, చేతులు తిప్పుతూ, తడుముకోకుండా చెప్పాడు. చెప్పి, "ఇది వ్యవసాయం కదండీ. సాఫ్ట్‌వేరు వాళ్లకి చెప్పొచ్చాండీ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు, వాడికలా నేర్పినవాళ్ల మీద. నిద్రపట్టదన్న మాట వాడి విషయంలో అక్షరాలా నిజం. ఆ నిజం వెనక బ్యారన్ ఉంది, అప్పుంది, ఒంట్లో బాగోలేని తండ్రి ఉన్నాడు. అది చెప్పకూడదని దాచిపెట్టించి, వందమంది చెప్పే డొల్లమాట వాడి చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకున్నారు. ఒక పనిని మధ్యలో వదలకుండా, కొలత చూసుకుని, సొంతంగా నిర్ణయం తీసుకుని, నష్టం వస్తే తన మీదే పడుతుందని తెలిసి చేశాడు. ఏ కంపెనీవాడైనా ఇంతకన్నా ఏం వెతుకుతాడు?

మా రోజుల్లో ఇంటర్వ్యూకు ముందు మేం చేసిన మొదటి పని, పంపిన దరఖాస్తు నకలు బయటికి తీసి మళ్లీ మళ్లీ చదువుకోవడం. అందులో మనం రాసిన ప్రతి మాటా ఒక ప్రశ్నే అని మా లెక్చరరుగారు చెప్పేవారు. హాబీ కింద చదరంగం అని రాస్తే చదరంగం ఆడి ఉండాలి. ఊరి పేరు రాశావంటే ఆ ఊరు నీకు తెలిసుండాలి. ఇప్పటి పిల్లలు రెజ్యూమే ఎవరిదో దించేసి పేరు మారుస్తున్నారు. జంగారెడ్డిగూడెం అని రాస్తారు, 2022లో కొత్త జిల్లాలొచ్చాక మనం పశ్చిమగోదావరిలో ఉన్నామో ఏలూరులో ఉన్నామో తడుముకుంటారు. పొగాకు బోర్డు 1976లో వచ్చిందని, ఆంధ్రలో వేలంపాటలు 1985లో మొదలయ్యాయని, అంతకుముందు రైతు వ్యాపారి చెప్పిన ధరకు తలవంచాల్సి వచ్చేదని ఎంతమందికి తెలుసు? మన మెట్టలో ఆయిల్‌పామ్ తోటలెందుకు పెరిగాయో, కె.ఆర్.పురంలో ఐటీడీఏ ఎవరికోసం ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. అడగరు.

ఇది నా చాదస్తం అనుకునేవాళ్లు యూపీఎస్సీ నోటిఫికేషన్ తీసి చదవండి. అభ్యర్థి చదువు తెలుసుకోవడం ఇంటర్వ్యూ ఉద్దేశం కాదని, అది రాతపరీక్షలో అయిపోయిందని, అడ్డుప్రశ్నలతో నిలదీయడం కాకుండా సహజంగా సాగే సంభాషణలో మనిషిని చూస్తామని రాసి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసాంబ నుంచి వెళ్లిన రోణంకి గోపాలకృష్ణ, సర్కారు బడి పంతులు, తెలుగులో పరీక్ష రాసి, దుబాసీ సాయంతో తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2017లో వచ్చిన సివిల్స్ ఫలితాల్లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఇంగ్లీషు రాక మన పిల్లలు వెనకబడుతున్నారని అస్తమానం అనేవాళ్లకు ఆ పేరు చెబుతాను. సాఫ్ట్‌వేరుకు ఇంగ్లీషు కావాలి, కాదనను, నేర్చుకోవాలి. కానీ ముందు చెప్పడానికి విషయం ఉండాలి. అది తెలుగులో చెప్పడం వస్తే ఇంగ్లీషులోకి పట్టుకెళ్లడం కొన్నాళ్ల సాధన.

తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం కూడా తగ్గిపోయింది. "తెలియదండి" అన్నందుకు ఉద్యోగం పోయినవాణ్ణి నేను చూడలేదు. తెలిసినట్టు నటించి దొరికిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక ఈ కొత్త ఇంటర్వ్యూలు మరీ అన్యాయం. ఎదురుగా మనిషుండడు. ఫోన్లో ప్రశ్న కనిపిస్తుంది, కెమెరా వంక చూస్తూ గడువులోపు జవాబు చెప్పెయ్యాలి. తలూపేవాడు లేడు, "ఇంకా చెప్పు బాబూ" అనేవాడు లేడు. ఆ బ్యారన్ కథ వాడి జవాబు మీద నేను మూడో ప్రశ్న వేస్తే గాని బయటికి రాలేదు. ఆ మూడో ప్రశ్న యంత్రం ఎలా వేస్తుంది? దానికి బదులుగా పిల్లలు ఇంకో యంత్రం పక్కన పెట్టుకుని, అది రాసిచ్చింది కళ్లు పక్కకు తిప్పి చదువుతున్నారట. రెండు యంత్రాల మధ్య మన కుర్రాడి గొంతు ఎవరికీ వినపడడం లేదు.

మన ఊళ్లో ఛత్రపతి శివాజీ పేరున ప్రభుత్వ కళాశాల ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. వాటిలో ఆఖరి సంవత్సరం పిల్లలకు నెలకొకసారి నమూనా ఇంటర్వ్యూ బోర్డు పెట్టండి. ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరును, ఒక పోస్టుమాస్టరును, ఒక హెడ్‌మాస్టరును, వేలం కేంద్రం చూసిన ఒక పొగాకు రైతును కూర్చోబెట్టండి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. రెజ్యూమేలో ఉన్నదే అడుగుతాం, బయటిది అడగం. సాయంత్రమైతే అరుగుల మీద కూచునే మాలాంటివాళ్లు ఊరినిండా ఉన్నారు, కబురు పెడితే వస్తాం. మొదటి బోర్డుకు ఆ బ్యారన్ కుర్రాణ్ణే పిలవమని ప్రిన్సిపాలుగారికి ఉత్తరం రాశాను.