పెట్టెకి వైరు లాక్కో (సటీక తాత్పర్యము)

మూలము

“బాబాయ్, వైఫై ఫోన్లకొదిలెయ్యి. పెట్టెకి వైరు లాక్కో. డిస్కులు రెండేసుకో. మూడోది రేపల్లెలో పెట్టు.”

అవతారిక

మూలకర్త మా అన్నయ్య కొడుకు. బాపట్లలో ఇంటింటికీ నెట్ వైర్లు లాగుతాడు. తెనాలిలో మా ఇల్లు ఒకటే గాని ఆఫీసులు మూడు. నేను పుస్తకాలకి పేజీలు కడతాను, మా ఆవిడ కొట్లవాళ్ల జీఎస్టీ లెక్కలు చూస్తుంది, అబ్బాయి ముందుగదిలోంచి హైదరాబాద్ కంపెనీకి ఉద్యోగం చేస్తాడు. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో వంటింటి మీదుగా రాకపోకలు సాగించేవి. ఒకనాడు ఆ పెన్‌డ్రైవు పోపుల డబ్బాలో, మెంతుల గిన్నెలో తేలింది. అప్పుడు ఫోన్లో వెలువడింది ఈ వాక్యం. వాడు బండి మీద ఉన్నాడు, అందుకే ఇంత క్లుప్తం. సూత్రగ్రంథాలన్నీ ఇలాగే పుట్టి ఉంటాయని నా అనుమానం.

ప్రతిపదార్థము

బాబాయ్ = ఓ పినతండ్రీ (ఇచట గౌరవము కంటె జాలి మెండు); వైఫై = తీగ లేని నెట్టును; ఫోన్లకు = చేత పట్టుకు తిరుగువానికి; ఒదిలెయ్యి = విడిచిపెట్టుము; పెట్టెకి = డిస్కులుండు పెట్టెకు, ‘నాస్’ అని నామాంతరము (మా ఆవిడ ‘భోషాణం’ అంటుంది; నిఘంటుకర్తలు గమనింతురు గాక); వైరు = ఎనిమిది రాగితీగల క్యాట్ సిక్స్ కేబులును; లాక్కో = నీవే లాగుకొనుము, నేను రానని ధ్వని.

విశేషములు

వైఫై: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా పారే ఛానళ్లు మూడే: 1, 6, 11. ఛానలంటే కాలువ. తెనాలి ఊళ్లోంచి పారేవీ మూడు కాలువలే గనుక ఇది శ్లేష. మా వీధి రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే బిందెలు ముంచుతున్నాయి. 5 గిగాహెర్ట్జ్ విశాలమే గాని రెండు గోడలు దాటేసరికి దానికి ఆయాసం వస్తుంది.

వైరు: అసలు రసమంతా ఇక్కడ ఉంది. తీగలు ఎనిమిది, అష్టదిగ్గజాలనుకోండి, మన రామకృష్ణుడూ వారిలో ఒకడే గదా. క్రమం ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట నడుమ నీలం జంట దూరడం యతిభంగంలా తోస్తుంది గాని కాదు, లక్షణమే అది. నేను కొస నొక్కినప్పుడు ఎనిమిదోది, గోధుమ, కనెక్టరు లోపలికంటా దిగలేదు. అయినా నెట్టు ఆగలేదు, మోసమంతా అందులోనే ఉంది. 100 మెగాబిట్లకి రెండు జంటలు చాలు, 1000కి నాలుగు జంటలూ కావాలి. ఒకటి కుంటుపడేసరికి యంత్రాలు రెండూ నాతో మాట మాత్రం చెప్పకుండా 100కి దిగి సర్దుకున్నాయి. 8 బిట్లు ఒక బైటు. కనుక 100 అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, 1000 అంటే 125. పది గిగాబైట్ల పుస్తకం పెట్టెలోకి చేరడానికి పదమూడు నిమిషాల పైన పట్టింది. వారం పాటు పెట్టె అమ్మినవాణ్ని తిట్టుకున్నాను. చివరికి కొస కత్తిరించి మళ్లీ నొక్కితే నిమిషంన్నర.

డిస్కులు రెండు: ఒకదానికొకటి ప్రతిబింబం. ‘వికటకవి’ని ఎటునుంచి చదివినా ఒకటే, ఈ పెట్టెలో ఏ డిస్కు చదివినా ఒకటే. ఒకటి పోతే రెండోది నడిపిస్తుంది.

పూర్వపక్షము: మరి మూడోదెందుకు? సమాధానము: మా ఆవిడ పొరపాటున మార్చి లెక్కలు చెరిపేస్తే రెంటిలోనూ ఒకేసారి చెరిగిపోతాయి. పిడుగు పడినా, దొంగ పడినా పెట్టె పెట్టెంతా పోతుంది.

పాఠాంతరము: “మూడోది బాపట్లలో పెట్టు” అని మా వదినగారి పాఠం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే గనుక అగ్రాహ్యం. రేపల్లెకి కృష్ణ భయం లేదా అంటే, ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు ఆ నీళ్లు అటుగానే సముద్రానికి పోయాయి. అందుకే డిస్కు అక్కడ మా అత్తగారింట్లో మేడమీది బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. నెట్టులో పంపొచ్చుగా అంటే, మాకు పైకి వెళ్లే వేగం 40 మెగాబిట్లు, రెండు టెరాబైట్లకి నాలుగున్నర రోజులు. 1916లో వేసిన రేపల్లె లైను మీద ప్యాసింజరు అంతకంటే చాలా ముందే చేరుస్తుంది, చేతిసంచిలో గోంగూర పచ్చడితో సహా.

తాత్పర్యము

ఓ బాబాయ్! చేతిలో తిరిగేవాటిని గాలికి వదిలి, బల్ల మీదవాటిని పెట్టెతో సహా తీగతో కట్టి, డిస్కు పోతుందని ముందే ఒప్పుకుని రెండేసుకుని, మూడోదాన్ని అత్తవారికి అప్పగించుము అని భావము.

పాఠకులు తమ ఇంట వైరు రెండు కొసలా గోధుమ తీగ లోపలికంటా దిగిందో లేదో ఒకసారి చూసుకోవలసిందిగా కోరుతాను.