నాలుగింటి ఆటకు పోలీసులు కావలెను

రాత్రి ఒంటిగంట ఆటకు ఒప్పుకోం, తెల్లారుజాము నాలుగింటి ఆటకు ఒప్పుకుంటాం. 2025 జనవరి 8న మన తెలంగాణ సర్కారు 'గేమ్ ఛేంజర్' సినిమాకి ఇచ్చిన ఉత్తర్వు సారం ఇంతే. అంతకు ముందు డిసెంబరు 21న ముఖ్యమంత్రి నిండు సభలో లేచి, తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ ఉండవు, టికెట్ రేట్ల పెంపూ ఉండదు అన్నారు. ఆ మాటకు 18 రోజుల ఆయుష్షు. మాట తప్పారని మాత్రం నేననను. మూడు గంటల మేర నిలబెట్టుకున్నారు, ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా.

సింగిల్ స్క్రీన్‌లో టికెట్‌కు 100 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 150 అదనం. ఇదేం పద్ధతని హైకోర్టు అడిగింది. 11న సర్కారు వెనక్కి తగ్గింది. అప్పటికి నాలుగింటి ఆటలు పడ్డాయి, చూసినోళ్లు ఇళ్లకు చేరి పడుకుని లేచారు, తలనొప్పులు కూడా తగ్గాయి. రద్దు ఉత్తర్వు వచ్చింది కదా అని పోయిన నిద్రనూ 150 రూపాయలనూ ఎవరూ తెచ్చివ్వలేదు.

సినిమాను రాజకీయ కథ అని ప్రచారం చేశారు. నా లెక్కలో ఇది పోలీసు జానపదం. రెక్కల గుర్రం లేదు, మాయల పకీరు లేడు, నగరం మాత్రం మనకు తెలిసిన విశాఖపట్నమే. అందులో రామ్ నందన్ అని ఒక ఐపీఎస్. అమ్మాయి కోపం తగ్గించుకోమంది కాబట్టి మళ్లీ పరీక్ష రాసి ఐఏఎస్ అయ్యాడు. కలెక్టరుగా వైజాగ్‌లో దిగాడు, మంత్రిని ఢీకొన్నాడు, చివరికి ఎన్నికలు నడిపే అధికారి కూడా తానే అయ్యాడు. రెండున్నర గంటలు దాటిన ఈ కథలో ఒక్క ఫైలు ఆగలేదు, ఒక్క టీఏ బిల్లు తిరిగి రాలేదు, పైనుంచి ఒక్క ఫోను వచ్చి పని ఆపలేదు. ఇంతకన్నా పెద్ద మాయ ఏ పాతాళ భైరవి దగ్గరుంది?

మాయ ఉందని నా ఫిర్యాదు కాదు. 1999లో ఇదే దర్శకుడు శంకర్ 'ఒకే ఒక్కడు'లో విలేకరిని ముఖ్యమంత్రిని చేశాడు. కానీ మొదట ఒక్క రోజుకే. గడువుంది, షరతుంది, గంట గంటకూ గుండె దడదడలాడింది. 'యమలీల'లో యముడంతటివాడు కూడా పోయిన పుస్తకం వెతుక్కోవడానికి భూమ్మీదికి దిగి, మనుషుల చేతిలో తిప్పలు పడ్డాడు. మాయకు ఒక ఖర్చుండాలి. ఈ సినిమాలో ఖర్చంతా పాటలకే పోయింది, వాటికే 75 కోట్లని వాళ్లే చెప్పుకున్నారు. మా వర్గల్ గుట్ట మీద విద్యా సరస్వతీ ఉంది, ఆ పక్కనే శనీశ్వరుడూ ఉన్నాడు. కథ రాసేముందు వీళ్లు ఎవరి గుడి దగ్గర దిగారో నాకు అనుమానమే.

అయితే నాకు తోచినంత కూడా సర్కారుకు తోచదా? తెల్లారకముందే ఆట వేసుకోండి, రేటు పెంచుకోండి అని కాగితం ఇచ్చిందంటే ఈ ఆఫీసరు మీద దానికి ఎంత నమ్మకముండాలి! సినిమా పెద్దలు డిసెంబరు 26న ముఖ్యమంత్రిని కలిసింది కూడా బంజారాహిల్స్‌లోని పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌లోనే. ఆ పెద్దలకు ముందు నడిచిన రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఛైర్మన్, ఈ సినిమా నిర్మాత ఒక్కరే కావడం వేరే సంగతి, పెద్ద కుటుంబాల్లో ఇలాంటివి ఉంటాయి. నేననేది ఏమంటే, పోలీసు భవనంలో కూర్చుని సినిమా మాట్లాడుకున్నప్పుడు సినిమా పోలీసును నేరుగా శాఖలోకి తీసుకోవచ్చు గదా. అందుకని నియామక మండలికి శ్రమ లేకుండా నోటిఫికేషన్ నేనే తయారుచేశాను.

ఇప్పుడున్న పద్ధతి మా ఊరి పిల్లలకు కంఠతా వచ్చు. మగపిల్లలకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. లాంగ్ జంప్ 4 మీటర్లు. 7.26 కిలోల ఇనుపగుండును 6 మీటర్లు విసరాలి. పొద్దు పొడవకముందే రోడ్డు మీద వాళ్ల బూట్ల చప్పుడు, చెట్టు కింద ఫోన్లో టైము చూసే ఒక కాకా.

"ఇయ్యాల ఎంతొచ్చింది బిడ్డా?"

"ఏడు ఇరవై రెండు, కాకా."

"ఇంకో ఏడు సెకన్లు కోసెయ్యాలె. ఉరుకు."

ఈ హింస ఇక వద్దు. కొత్త విధానంలో పరుగు 16 మీటర్లే. 7 నిమిషాల 15 సెకన్లకు తగ్గకుండా నడవాలి, ముందే చేరినవాళ్లు అనర్హులు. వెనక పొగ, పక్క నుంచి గాలి అభ్యర్థి సొంత ఖర్చుతో తెచ్చుకోవాలి. లాంగ్ జంప్‌కు హెలికాప్టర్ శాఖే ఇస్తుంది. షాట్‌పుట్‌లో ఇనుపగుండు ఉండదు, మనిషిని విసరాలి. విసిరిన మనిషి నీళ్ల ట్యాంకర్‌కు తగిలి, ట్యాంకర్ పగిలితేనే మార్కులు. ఎత్తుకు కొలబద్ద అక్కర్లేదు, కెమెరాను నేల మీద పెడితే చాలు.

రాత పరీక్షలో అంకగణితానికి ప్రాధాన్యం. ఈ సినిమా వసూళ్ల పోస్టరే ప్రశ్నపత్రం. తొలిరోజు ప్రపంచవ్యాప్తంగా 186 కోట్లు అని దానిమీద ఉంది. ట్రేడ్ లెక్కలు కట్టేవాళ్లు వేళ్లు మడిచి మడిచి అందులో సగం దగ్గరే ఆగిపోయారు. మిగతా సగం ఎక్కడిదో అభ్యర్థి రాయాలి. 'ప్రజల ప్రేమ' అని రాస్తే పూర్తి మార్కులు. 'తెలియదు' అని నిజం రాస్తే నెగిటివ్ మార్కులు. 'లెక్క చూపించండి' అని రాసినవాడిని హాలు నుంచి బయటికి పంపి, సినిమాను చంపుతున్నాడని కేసు పెట్టాలి.

శిక్షణ సంగతి. డైలాగ్ చెప్పాకే అరెస్టు. ఎఫ్ఐఆర్ రాయనక్కర్లేదు, చార్జిషీటు సంగతి సెకండ్ పార్ట్‌లో చూసుకుంటారు. బాధితులు నేపథ్యంలో ఏడవాలి, స్టేషన్ లోపలికి రాకూడదు. స్టేషన్‌లో జనరల్ డైరీ బదులు ట్రైలర్. నేరం ఎక్కడ జరిగినా పరిధి సమస్య రాదు, పాట అయిపోయేసరికి ఆఫీసరు అక్కడే ఉంటాడు. బదిలీ అంటే శిక్ష కాదు, ఇంకో గెటప్.

ఈ లెక్కన మా వర్గల్ మండలానికి కూడా ఒక కల్పిత సీఐని వేయమని నా మనవి. హైదరాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మమ్మల్ని ఒరుసుకుంటూ పోతుంది. రోడ్డు దాటే ముసలివాళ్ల కోసం రాత్రిపూట ఒక అసలు కానిస్టేబుల్ నిలబడితే బాగుండు గానీ, అంత చిన్న కోరిక కోరడం మర్యాద కాదు. వచ్చే వసంత పంచమికి గుట్ట కింద వేలమంది పిల్లల్ని చంకనేసుకుని అక్షరాభ్యాసానికి వస్తారు. ఆ క్యూలను సినిమా సీఐ ఒక్క చూపుతో సరిచేస్తాడు. తాడు కట్టే పని, తప్పిపోయిన పిల్లలకు మైకులో పేరు పిలిచే పని, ఎండలో నిలబడి 'జరగండమ్మా, జరగండి' అనే పని అతనికి ఉండదు. ఆ జరగండి వేరు, సినిమాలో కోట్లు పోసి తీసిన 'జరగండి' పాట వేరు.

నోటిఫికేషన్‌లో ఒక్క నిబంధన దగ్గర మాత్రం నా కలం ఆగింది. భార్యాభర్తల నిబంధన. సినిమాలో అమ్మాయి ఒక్కమాట అంటే ఆఫీసరు శాఖే మార్చేశాడు. ఐపీఎస్ వదిలి ఐఏఎస్. ఎవరూ మెమో ఇవ్వలేదు. మరి 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు (టీజీఎస్పీ) బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు ఏమడిగారు? మా ఆయనను ఇంటికి పంపండి అన్నారు. సెలవుల పద్ధతి మార్చి రోజుల తరబడి బెటాలియన్‌లోనే ఉంచుతున్నారు, పిల్లలు నాన్న ముఖం మర్చిపోతున్నారు, రాష్ట్రమంతా పోలీసులందరికీ ఒకే విధానం పెట్టండి అన్నారు. సిరిసిల్లలో రోడ్డు మీద కూర్చున్నారు. చంటిపిల్లలతో కూర్చున్నారు. వాళ్లకు దొరికిన జవాబు 39 మంది పోలీసుల సస్పెన్షన్, మరునాడే 10 మంది డిస్మిస్. ఉద్యోగంలోంచి తీసేశారు. విచారణకు ఆగేంత తీరిక కూడా లేకపోయింది.

హోం శాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. అంటే అమ్మాయి కోసం శాఖ మారిన కల్పిత పోలీసుకు తెల్లారుజాము ఆట ఇచ్చిన ప్రభుత్వమూ, భార్యలు రోడ్డెక్కాక అసలు పోలీసులను ఇంటికి పంపిన ప్రభుత్వమూ ఒక్కటే. ఇందులో వ్యంగ్యం రాయడానికి నాకేమీ మిగల్లేదు.

నాలుగింటికి ఆట అంటే థియేటర్ గేటు దగ్గర కానిస్టేబుల్ ఎన్నింటికి నిలబడాలి? ఆ ఉత్తర్వు రాసినవాళ్లు ఆ గంట లెక్కేశారా? జనవరి చలి, డప్పులు, పాలాభిషేకాలు, గేటు మీదికి ఎగబడే పిల్లలు. అంతకు ముందు నెల, డిసెంబరు 4న, హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఇలాంటి తొక్కిసలాటలోనే ఒక తల్లి చచ్చిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. ఆ రాత్రి వాళ్లిద్దరి గుండెల మీద చేతులు పెట్టి ఒత్తి ఊపిరి పోయాలని చూసింది ఏ హీరో కాదు, డ్యూటీలో ఉన్న పోలీసులు. ఆ శవం పేరు చెప్పే గదా సభలో అంత గట్టిగా మాట్లాడారు! బల్లలు చరిచారు, మేమూ ఇక్కడ టీవీల ముందు సరే అనుకున్నాం. 18 రోజులకే ఆ చావును ఎన్ని రూపాయల పెంపుకు మార్చుకున్నారు? వందకా, నూటయాభైకా?

నా నోటిఫికేషన్ చించేస్తున్నాను. అసలుది ఇవ్వండి. పోలీసు నియామకాల తేదీ ఎప్పుడో మా పిల్లలకు చెప్పండి, ఏడు సెకన్లు కోసుకోవడానికి వాళ్లు ఒళ్లు హూనం చేసుకుంటున్నారు. బెటాలియన్లకు సెలవుల పద్ధతి ఏమిటో కాగితం మీద పెట్టండి. ఆ 10 మందిని విచారణ లేకుండా ఏ కారణంతో తీసేశారో, ఆ కాగితాలు బయటపెట్టండి.